మునిగిన ఓడలు – లోతు లెక్క

జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్‌లలో నెలకొన్న తెలుగు చిత్రసీమ 2017లో ‘ఘాజీ’ చిత్రాన్ని నిర్మించినది. 1971 డిసెంబరులో విశాఖపట్నం చేరువలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ అది. చిత్రంలో దానిని ముంచినది ఒక భారత జలాంతర్గామి. చరిత్రలో వాదం వేరు. ‘రాజ్‌పుత్’ నౌక ముంచినదని మన నౌకాదళం, తన మైన్లే పేలి మునిగినదని పాకిస్తాన్ చెప్పినవి. సాక్ష్యం మాత్రం సముద్రం అడుగున ఉన్నది.

అట్టి సాక్ష్యాన్ని మనిషి స్వయంగా చూడగలడా? అది లోతును బట్టి ఉండును. అంతకు మునుపటి యుద్ధంలోని రెండు ఓడలను చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినవి. మూడు రోజుల తరువాత సింహళ తీరాన మట్టక్కళప్పు వైపు, బ్రిటిష్ విమానవాహక నౌక ‘హెర్మిస్’ను, చమురు ఓడ ‘బ్రిటిష్ సార్జెంట్’ను ముంచినవి. మొదటిది సుమారు 53 మీటర్ల లోతున, రెండవది సుమారు 24 మీటర్ల లోతున ఉన్నవి.

మరుసటి సంవత్సరమే, 1943లో, ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనువారు ‘ఆక్వాలంగ్’ సాధనాన్ని రూపొందించిరి. చుట్టూ ఉన్న నీటి పీడనమెంతో అంతే పీడనంతో అది గాలి నందించును. ఆ ఏడే కూస్తో దానితో మునిగిన ఓడలను చలనచిత్రంగా తీసినాడు.

నీటిలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగును. పైనున్న ఒకటిని కలిపితే 24 మీటర్ల వద్ద 3.4, 53 మీటర్ల వద్ద 6.3 అగును. పైన గంటసేపు వచ్చు సిలిండరు గాలి మొదటిచోట సుమారు 18 నిమిషాలు, రెండవచోట 10 నిమిషాలలోపే వచ్చును. పైగా ఎక్కువ పీడనంలో నత్రజని రక్తంలో కరగును. లోతున మత్తు కలిగించును. త్వరగా పైకి వచ్చినచో, గోలీ సోడా తెరచినట్లు, బుడగలై బాధించును. అందుచేతనే వినోదపు ఈతకు 40 మీటర్లు హద్దు. చమురు ఓడ ఆ హద్దులోపల, ‘హెర్మిస్’ వెలుపల ఉన్నవి.

‘హెర్మిస్’తో 307 మంది మరణించిరి. ‘ఘాజీ’లో ఒక్కరూ బ్రతుకలేదు. లోతు అందినను అందకున్నను, అట్టి ఓడ సమాధియే. చూచి రావచ్చును; ఒక మేకునైనా తేరాదు. తెచ్చినచో, రేపు చరిత్ర అడుగు ప్రశ్నకు జవాబు చెప్పు వస్తువును తొలగించినట్లే.