పగిలిన ఇంజిన్ హెడ్‌ని అతకడం ఎలా వచ్చింది? ఒక సన్నటి పొర కథ

కారు బాగా వేడెక్కి ఇంజిన్ హెడ్ పగిలింది అనుకోండి. ఒక మెకానిక్ "హెడ్ పోయింది సార్, కొత్తది వేయాల్సిందే" అంటాడు. ఇంకొకాయన "వెల్డింగ్ పెట్టిద్దాం" అంటాడు. ఎవరి మాట నమ్మాలి? చరిత్ర తెలిస్తే ఇది తేల్చుకోవడం సులువు. అందుకే ఈరోజు ఈ టాపిక్ తీసుకున్నాను.

సిలిండర్ హెడ్ అంటే పిస్టన్ల పైన మూతలా కూర్చునే భాగం. వాల్వులు ఉండేది ఇందులోనే. ఒకప్పుడు దీన్ని పోత ఇనుముతో చేసేవాళ్ళు. ఇప్పుడు కార్లలో ఎక్కువగా అల్యూమినియమే. బరువు తక్కువ, వేడిని త్వరగా వదిలేస్తుంది. కానీ వేడికి ఇనుము కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. కూలెంట్ అయిపోయాక కూడా బండి నడిపితే హెడ్ వంగుతుంది, వాల్వుల మధ్య చీలిక వస్తుంది.

1886లో అమెరికాలో చార్లెస్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, కరెంటుతో అల్యూమినియం తీసే పద్ధతి కనిపెట్టారు. ఆ తర్వాతే ఈ లోహం ధర దిగింది. 1903లో ఎగిరిన రైట్ సోదరుల విమానం ఇంజిన్‌లో క్రాంక్‌కేస్ అల్యూమినియం పోతే. అంటే పోత పోయడం అప్పటికే వచ్చేసింది. మరి పగిలితే అతకడం?

అసలు చిక్కు అక్కడే. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కానీ గాలి తగలగానే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. పాల మీద మీగడ లాగా అనుకోండి. ఆ పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి! లోపల లోహం నీళ్ళయిపోయినా పైన పొర అలాగే ఉంటుంది, అతుకు కలవనివ్వదు. పైగా ఇనుములా ఎర్రబడి ముందే హెచ్చరించదు. చూస్తుండగానే కరిగి జారిపోతుంది.

మొదట్లో గ్యాస్ మంటతో, పొరని కరిగించే ఫ్లక్స్ పొడి వేసి అతికేవాళ్ళు. పని అయ్యాక ఆ పొడిని పూర్తిగా కడగకపోతే అదే లోహాన్ని తినేసేది.

మలుపు 1940ల మొదట్లో వచ్చింది. అమెరికాలో నార్త్‌రాప్ విమాన కంపెనీకి మెగ్నీషియంతో విమానం కట్టాలని ఆలోచన. అక్కడి ఇంజనీర్ రస్సెల్ మెరెడిత్ టంగ్‌స్టన్ కడ్డీతో ఆర్క్ పుట్టించి, చుట్టూ హీలియం వదిలి గాలి తగలకుండా చేశాడు. 1942లో పేటెంట్ వచ్చింది. మనం టిగ్ వెల్డింగ్ అనేది దీన్నే. తర్వాత ఏసీ కరెంటు వాడటం మొదలైంది. ఏసీలో కరెంటు అటూ ఇటూ మారుతుంది కదా, ఒక దిశలో పొరని చెదరగొడుతుంది, రెండో దిశలో లోహాన్ని కరిగిస్తుంది. ఫ్లక్స్‌తో పని లేకుండా పోయింది. ఈ రోజుల్లో హీలియం బదులు ఎక్కువగా ఆర్గాన్ వాడుతున్నారు.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకి వద్దాం. మంచి రిపేర్‌లో వెల్డింగ్ ఒక భాగం మాత్రమే. పోతలోకి ఇంకిన ఆయిల్, కూలెంట్ పోయేలా కడగాలి. చీలికని చివరిదాకా గ్రైండ్ చేసి తీసేయాలి. హెడ్ మొత్తాన్ని ముందే వేడి చేసి, సరిపడే సిలికాన్ కలిసిన రాడ్‌తో అతికి, నిదానంగా చల్లారనివ్వాలి. చల్లారాక అడుగు భాగం మిషన్ మీద సమం చేసి, నీటి దారుల్లో ప్రెషర్ టెస్ట్ చేయాలి. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ లోహం మెత్తబడుతుంది కూడా. అందుకే ప్రతి హెడ్‌నీ బతికించలేం.

కాబట్టి "ఎంతవుతుంది?" అని మాత్రమే అడగకండి. "చీలిక ఎక్కడిదాకా ఉంది? ప్రెషర్ టెస్ట్ నా ముందు చేస్తారా?" అని అడగండి. పని తెలిసిన మనిషి ఈ ప్రశ్నకి విసుక్కోడు, చూపిస్తాడు. నా లెక్కలో నమ్మాల్సింది ఆయన్నే.

మీ ఊళ్ళో ఈ పని బాగా చేసేవాళ్ళు ఉంటే కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం.