ధాత కరువు – గుండ్లకమ్మ ఒడ్డున ఒక విశ్వాసం

1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు మొహం చాటేశాయి. అప్పుడు మొదలై 1878 దాకా దక్షిణ దేశాన్ని పీడించిన క్షామాన్ని తెలుగువారు ‘ధాత కరువు’ అన్నారు. ఆ రెండేళ్లలో ఆకలికీ, ఆకలి వెంట వచ్చిన రోగాలకూ బలైనవారు అర కోటికి పైమాటేనని చరిత్రకారుల అంచనా. మద్రాసు రాజధానిలో సహాయ పనులైతే మొదలయ్యాయి గాని, ఖర్చు తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కూలీల బత్తాన్ని రోజుకు ఒక పౌను ధాన్యానికీ, కొద్దిపాటి డబ్బుకూ కుదించాడు. దినమంతా మట్టి మోసే మనిషికి ఆ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించవలసి వచ్చింది.

కరువు అందరికీ వచ్చినా, అందరికీ ఒకే తీరుగా రాదు. గాదెలో గింజలున్నవాడి కరువు వేరు, గాదే లేనివాడి కరువు వేరు. అప్పటి నెల్లూరు జిల్లాలో భాగమైన ఒంగోలు ప్రాంతపు మాదిగ పల్లెలు రెండవ కోవకు చెందినవి. చెప్పులు కుట్టడం, కపిలెలకు తోలు తొట్లు అమర్చడం, జాతరలలో డప్పు కొట్టడం, పొలాలలో కూలి చేయడం వారి బ్రతుకు. పంట పండితే రైతు కొలిచే గింజలే వారికి ఆధారం. పంటే లేనప్పుడు కొలిచేదేముంది?

ఈ పల్లెలలో కొన్నిటికి కరువుకు పదేళ్ల ముందే క్రైస్తవం చేరింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. కాని పల్లెలకు ఆ మతాన్ని మోసుకుపోయినవాడు ఆయన కాదు, యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు, రాజయోగ సాధన చేసినవాడు, పలువురికి గురువుగా ఉన్నవాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం పొంది, తన వారి నడుమ, తన వారి భాషలో బోధించాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు. చూడడానికి చిన్నవే. కాని మూడవ నియమం పాటిస్తే జాతరలో డప్పు మ్రోగదు, మొదటిది పాటిస్తే ఆసామి పొలంలో ఆదివారం మనిషి ఉండడు. ఊరి పెద్దలు ఊరుకోలేదు. బావులు మూసుకుపోయాయి, కూలి ఆగింది, దొంగ కేసులు వచ్చాయి. క్లౌ మరణానంతరం 1914లో వెలువడిన ఆత్మకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’లో ఈ వివరాలు చూడవచ్చు. అంటే ఈ విశ్వాసం వారికి మొదట ఇచ్చినది సుఖం కాదు, కష్టం. ఆ కష్టాన్ని ఓర్చుకోవడం అలవడిన తరువాతనే కరువు వచ్చింది.

యౌవనంలో అమెరికాలో భూముల సర్వే పని చేసిన క్లౌకు మట్టి పని లెక్కలు తెలుసు. బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకాన్ని ప్రభుత్వం నుండి గుత్తకు తీసుకున్నాడు. తక్కినచోట్ల మేస్త్రీల తిట్లకూ దెబ్బలకూ, కులం పేరిట ఈసడింపుకూ గురైనవారు ఇక్కడికి చేరారు. ఇక్కడ మేస్త్రీలు పేరయ్య వంటి బోధకులే. పగటిపూట కూలీలు అలసి కూలబడినప్పుడు బోధకులు వారి ప్రక్కనే కూర్చుని మాట్లాడేవారు. మళ్లీ మళ్లీ చెప్పినది మత్తయి సువార్త పదకొండవ అధ్యాయంలోని పిలుపు, బరువు మోసి అలసినవారిని విశ్రాంతికి రమ్మనేది. నెత్తిన మట్టి తట్ట ఉన్నవాడికి ఆ మాట అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. “అన్నం కోసం మతం మారారు” అన్న మాట మనం విరివిగా వింటాం. ఒంగోలు విషయంలో ఆ మాటను కాలక్రమం ముందు నిలబెట్టి చూడాలి. కరువు పనులూ, సహాయ పంపిణీ నడిచిన సుమారు పదిహేను నెలలు క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవారిని వెనక్కు పంపాడు. 1878 జూన్‌లో, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పి బోధకులను వెల్లంపల్లికి పిలిస్తే, వారి వెంట జనం తరలివచ్చారు. మాకు డబ్బు వద్దు, ఆకలితో చావవలసి వచ్చినా క్రైస్తవులుగానే చస్తామన్నది వారి మాటల సారాంశం. ఆ వెల్లంపల్లి రేవులో, గుండ్లకమ్మ నీళ్లలో, జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజులలో 3,536 మంది. రెండవ నాడు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి ఆ కార్యం జరిపినవారు ఆరుగురు తెలుగు బోధకులు.

అంత జనాన్ని ఒక్కసారి చేర్చుకోవడం తొందరపాటు కాదా అన్న సందేహం క్రైస్తవులలోనే తలెత్తింది. అది న్యాయమైన సందేహమే. కరువులో ఆదుకున్నవాడి పట్ల కృతజ్ఞత, రేపు అండగా ఉంటాడన్న ఆశ ఆ వేల మందిలో లేవని ఎవరనగలరు? మనిషి మనసులో ఆకలినీ నమ్మకాన్నీ వేర్వేరు పాత్రలలో పోసి కొలవలేము. కాని గింజలకోసమే వచ్చినవాడు గింజలు అయిపోయినప్పుడు రాడు. వచ్చినా, బావి నీళ్లు మూసివేయించే మతాన్ని కోరుకోడు.

మరి వారు కోరుకున్నదేమిటి? నాకు తోచినంతలో, కడుపు ఆకలి కన్న పాతదైన మరొక ఆకలికి అక్కడ అన్నం దొరికింది. తరతరాలుగా దూరం జరగమన్న మాట తప్ప దగ్గరకు రమ్మన్న మాట వినని వారికి, రమ్మని పిలిచే దేవుడొకడున్నాడని తమ కులపువాడే వచ్చి చెప్పాడు. కరువు దేహాన్ని కృశింపజేసింది గాని, ఆ పిలుపు విన్నవాడిని తల వంచేటట్టు చేయలేకపోయింది. దేవుడిని నమ్మేవారూ నమ్మనివారూ కూడా ఈ బలాన్ని చారిత్రక సత్యంగా అంగీకరించవచ్చుననుకుంటాను.

క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆ మాదిగ పెద్దల జ్ఞాపకాలను వారి నోటనే విని 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అన్న పుస్తకంగా వెలువరించింది. దొరల నివేదికలలో అంకెలుగా మిగిలినవారు అందులో మనుషులుగా కనిపిస్తారు. ఒంగోలు, కనిగిరి ప్రాంతాల మిత్రులెవరైనా తమ ఇళ్లలో ధాత కరువు గురించి విన్న సంగతులుంటే వ్రాయగలరు. పుస్తకాలకెక్కని చరిత్ర ఇంకా ఎంతో ఉంది.