ఏఐ ఏజెంట్లకు అర్థమయ్యే ఆన్‌లైన్ దుకాణం

మనిషి తరఫున సరుకు వెతికి, ధరలు పోల్చి, ఆర్డరు పెట్టే సాఫ్ట్‌వేర్‌కు తడబాటు లేకుండా అందేలా అమర్చిన అంగడి ఇది. పలకలకు పేరుపడ్డ మార్కాపురాన్నే తీసుకుందాం. పలకరాయి అమ్మే వ్యాపారి ఫొటో పెట్టి ‘ధరకు ఫోన్ చేయండి’ అని రాస్తే, త్రిపురాంతకంలో ఇల్లు కట్టుకునేవారి ఏజెంట్ అక్కడే ఆగిపోతుంది. రాయి రంగు, పొడవు, వెడల్పు, మిల్లీమీటర్లలో మందం, చదరపు అడుగు ధర, లారీ కిరాయి, దారిలో పగిలితే ఎవరు భరిస్తారన్నది బొమ్మలో కాదు, అక్షరాల్లో ఉండాలి. ఈ వివరాలను యంత్రం చదివేలా రాసే ఉమ్మడి పదజాలం స్కీమా.ఆర్గ్‌ను గూగుల్, బింగ్, యాహూ 2011లో తెచ్చాయి. 2025 సెప్టెంబరులో ఓపెన్‌ఏఐ, చెల్లింపుల సంస్థ స్ట్రైప్ ప్రకటించిన ఏజెంటిక్ కామర్స్ ప్రోటోకాల్ ఏజెంట్‌కు చెల్లింపు దాకా దారి వేసింది. అన్నిటికన్నా ముఖ్యం నిల్వ లెక్క. అమ్ముడైపోయిన రాయి పేజీలో ఇంకా ఉన్నట్టే కనిపిస్తే, ఏజెంట్ దాన్ని నమ్మి ఆర్డరు పెట్టేస్తుంది.