పక్కబట్టలు ఉతకడం, ఆరబెట్టడం

పక్కబట్టలంటే పరుపు మీద పరిచే దుప్పట్లు, దిండు గలీబులు, కప్పుకునే రజాయిలు, బొంతలు, కంబళ్లు. కట్టుబట్టలు రోజూ ఉతికే ఇళ్లలో కూడా వీటి వంతు వారానికో, పక్షానికో వస్తుంది. చెమట, తలనూనె, రాలిన చర్మపు పొట్టు అన్నీ చేరేది మాత్రం వీటిలోకే. ఆ పొట్టు తిని బతికే డస్ట్ మైట్ అనే పురుగు పొడవు మిల్లీమీటరులో మూడో వంతుకు మించదు; మామూలుగా కంటికి ఆనదు. దాని విసర్జనలు పడక కొందరికి తుమ్ములు, ఆయాసం వస్తాయి. చన్నీళ్ల ఉతుకులో ఆ విసర్జనలు చాలావరకు కొట్టుకుపోతాయి గానీ పురుగు చావదు. అది చావాలంటే నీళ్లు 60 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి.

పూర్వం రజకులు దుప్పట్లను చౌడు కలిపిన నీళ్లలో ముంచి, బాన మీద పేర్చి ఆవిరి పట్టించేవారు. దీన్నే ఉబ్బ వేయడం అంటారు. చౌడులోని క్షారం జిడ్డును విడదీస్తే, పురుగుల సంగతి ఆవిరి చూసుకునేది. హీటరు లేని నేటి మిషన్ ఈ రెండో పని చేయలేదు.

మరకలకు వేడి అన్నివేళలా మంచిది కాదు. నెత్తుటి మరకను ముందు చన్నీళ్లతో కడగాలి, వేడి తగిలితే అది బట్టకు పట్టేస్తుంది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. కంగారుపడి బ్రష్షుతో రుద్దనక్కర్లేదు. జాడించి ఎండలో వేస్తే మెల్లగా వెలిసిపోతుంది.

7 కిలోల మిషన్ అంటే 7 కిలోల పొడి బట్టలు పట్టేదని లెక్క. డబుల్ రజాయి అంత బరువు లేకపోయినా డ్రమ్ము నిండా ఇరుక్కుంటే లోపలి మడతలకు నీళ్లే అందవు. పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంతను తొట్టిలో నానబెట్టి కాళ్లతో తొక్కడమే మేలు. పిండడానికి ఇద్దరు కావాలి: చెరో కొస పట్టుకుని ఎదురుబొదురుగా మెలిపెడితే నీళ్లు ధార కడతాయి.

అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది. పలచని దుప్పటి వేసవి ఎండకు గంటలో ఆరుతుంది. బొంత పైకి ఆరినట్టే ఉంటుంది. అంచు కుట్టు దగ్గర, పొరలు మందంగా ఉన్నచోట వేళ్లతో నొక్కితే చల్లగా తగులుతుంది. ఆ చెమ్మతో మడిచి పెడితే కంపు కొట్టి, నల్లటి బూజు చుక్కలు లేస్తాయి. అవి ఎంత ఉతికినా పూర్తిగా పోవు. అందుకే రెండు దండేల మీదుగా పరిచి, కిందా పైనా గాలి ఆడేలా చూసి, మధ్యాహ్నం తిరగేయాలి. సంక్రాంతికో, దసరాకో ముందు బొంతలన్నీ బయటపెట్టే ఇళ్లకు ఎండ కలిసొస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో వాటి జోలికి పోకపోవడమే తెలివి. అమెరికాలో కొన్ని నివాస సంఘాలు ఆరుబయట బట్టలు ఆరేయనివ్వవు. ఫ్లోరిడాలో మాత్రం అలాంటి నిషేధం చట్టరీత్యా చెల్లదు. అమెరికాలోని తెలుగు ఇళ్లలో రజాయిల పని ఎక్కువగా డ్రయ్యరుదే.

బూరుగు దూది పరుపును, దిండును తడపకూడదు. దూది ఉండలు కడుతుంది. గలీబు ఉతికి, పరుపును ఎండలో వేసి కర్రతో దులిపితే చాలు. చెమ్మ లేనిచోట డస్ట్ మైట్లు ఎండిపోతాయి గనుక ఈ పాత అలవాటులో పస ఉంది. కొన్నేళ్లకోసారి పరుపు విప్పి దూది ఏకించి మళ్లీ కుట్టిస్తారు, పై గుడ్డకు ఉతుకు పడేది అప్పుడే. గొంగడి ఉన్ని వేడినీళ్లకు, రాపిడికి ముడుచుకుపోతుంది కాబట్టి దానికీ దులుపుడే.

ఎండలోంచి తీసిన రజాయిని వెంటనే పెట్టెలో పెట్టకూడదు. నీడలో వేడి చల్లారాక మడిచి, కలరా ఉండలను గుడ్డలో మూటగట్టి పక్కన ఉంచాలి. పసిపిల్లల దుప్పట్లలో మాత్రం ఆ ఉండలు వద్దు, వాటి ఆవిరి హానికరం.