కథపై అధికారం ఎవరిది? – పాత్రధారణ క్రీడల్లో శైలీ వివాదాలు

సాహిత్య విద్యార్థికి ఆటలతో ఏం పని అనిపించవచ్చు. కాని ఆటలోనే కథ పుడుతున్నప్పుడు, ఆ కథపై అధికారం ఎవరిదన్న తగవు దశాబ్దాల తరబడి సాగినప్పుడు, అది విమర్శకు సంబంధించిన విషయమే. 1974లో అమెరికాలో వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ చుట్టూ నడిచింది అటువంటి తగవే.

ఆట స్వరూపం ఇది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు నిర్వాహకులుగా ఉండి ఒక కల్పిత లోకాన్ని మాటలతో వర్ణిస్తారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం ఎటూ తేలనప్పుడు పాచికలు తేలుస్తాయి. సాధారణంగా ఇందులో గెలుపోటములు ఉండవు.

దీనికి మూలం యుద్ధక్రీడ. ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణకు రైస్విట్జ్ 1824లో పకడ్బందీ నియమాలతో ఒక క్రీడను ప్రచురించాడు. ఆ నియమాల బరువు అనవసరమనీ, అనుభవజ్ఞుడైన తీర్పరి విచక్షణ చాలుననీ 1876లో వెర్డీ దు వెర్నువా అనే సైనికాధికారి వాదించాడు. ప్రమాణం గ్రంథమా, తీర్పరా? తర్వాతి వివాదాలకు బీజం ఇక్కడే ఉంది.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 1974 నాటి ఆట మొదట వెయ్యి ప్రతులే అచ్చయింది. నియమాల్లో ఖాళీలు ఎన్నో. ఎవరికి తోచినట్టు వాళ్లు పూరించుకోమని పుస్తకమే చెప్పింది. అందుకున్నవాళ్లలో యుద్ధక్రీడలకు అలవాటుపడ్డవాళ్లు వ్యూహాన్ని చూశారు; సైన్స్ ఫిక్షన్ అభిమానులు పాత్రనూ లోకాన్నీ చూశారు. 1975లో లాస్ ఏంజెలెస్‌లో లీ గోల్డ్ ‘అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్’ ప్రారంభించింది. ఆటగాళ్లు రాసి పంపిన పేజీలన్నీ కలిపి కుట్టి పంచే పత్రిక అది. పండితుల ప్రమేయం లేకుండా, ఆడేవాళ్లే తమ విమర్శ పరిభాషను తయారు చేసుకున్న చోటు అది.

ఇంతలో ఆట పెద్ద సరుకయింది. 1979 నాటి నిర్వాహకుల గ్రంథంలో గైగాక్స్ అంతిమ నిర్ణయం నిర్వాహకుడిదే అంటూనే, ఎక్కడ ఆడినా ఆట ఒకే తీరుగా ఉండాలని నొక్కిచెప్పాడు. అదే సంవత్సరం రాయల్టీల విషయమై ఆర్నెసన్ కోర్టుకెక్కాడు. 1981లో రాజీ కుదిరింది. కొత్త గ్రంథాలు వేరే ఆటా, పాత ఆటకు కొనసాగింపా అన్నది ఆ వ్యాజ్యంలో ముఖ్యమైన ప్రశ్న. ‘సరైన పద్ధతి’ని గురించిన చర్చ వెనుక యాజమాన్యపు ప్రశ్న కూడా ఉందని మనం గుర్తించాలి.

1980లో గ్లెన్ బ్లాకో ‘డిఫరెంట్ వరల్డ్స్’ పత్రికలో ఆటతీరులను నాలుగుగా విభజించాడు: పాత్రలో లీనమవడం, కథ నడపడం, బలం కూడబెట్టడం, యుద్ధవ్యూహం. ఈ విభజన ఎంతో ఉపయోగపడింది. అయితే వర్గీకరణ అంతటితో ఆగదు, అంతస్తులుగా మారుతుంది. ‘బలం కూడబెట్టేవాడు’ అన్న మాట తిట్టుగా స్థిరపడింది. పాత్రపోషణే ఉత్తమమన్నవాళ్లు పాచికల ఆనందాన్ని చిన్నచూపు చూశారు. 1991లో వచ్చిన ‘వాంపైర్’ నిర్వాహకుణ్ణి ‘కథకుడు’ అని పిలిచింది. అయితే కథకుడు ముందే నిశ్చయించుకున్న దారిలో తాము నడవడమేనా అన్న అసంతృప్తి ఆటగాళ్లలో పెరిగింది.

ఆ అసంతృప్తికి సిద్ధాంతరూపం ఇచ్చినవాళ్లలో ముఖ్యుడు రాన్ ఎడ్వర్డ్స్. నియమాల నిర్మాణమే ఆట స్వభావాన్ని మలుస్తుందన్నది అతని వాదం. రూపం తటస్థం కాదని చెప్పడమే అది, అందులో బలముంది. కాని 2006లో అతను, ఆ తరహా ఆటలు ఆటగాళ్ల మెదళ్లను దెబ్బతీశాయని రాసేదాకా పోయాడు. రూపాన్ని విమర్శించవలసినవాడు మనుషుల్ని తూలనాడాడు. 2008లో మ్యాట్ ఫించ్ మరోవైపు నుంచి, నియమం కన్నా నిర్వాహకుని నిర్ణయమే ముఖ్యమనే పాత పద్ధతిని మళ్లీ ముందుకు తెచ్చాడు. వెర్నువా 1876లో చెప్పినదానికి ఇది దగ్గరి చుట్టం.

ఈ చరిత్రను అభిరుచుల కొట్లాటగా మాత్రమే చూస్తే అసలు విషయం తప్పిపోతుంది. కథను ముగించే హక్కు గ్రంథకర్తదా, నిర్వాహకుడిదా, బల్ల చుట్టూ ఉన్న అందరిదా? ప్రతి శైలీ ఈ ప్రశ్నకొక జవాబు. ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు తమకేం కావాలో ఒకరికొకరు చెప్పుకోవడానికి తోడ్పడినంత కాలం వర్గీకరణ విమర్శే. ఎవరిని బల్ల దగ్గరికి రానివ్వకూడదో తేల్చడానికి దాన్ని వాడిన రోజున అది విమర్శ కాదు, కాపలా.