జీపు నమూనాలు

కొండదారుల్లో, బురదలో నడిచే ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లను కచ్చితమైన నిష్పత్తిలో చిన్నవిగా తయారుచేసే కళ ఇది. 1:35, 1:24, 1:10 నిష్పత్తులు బాగా వాడుకలో ఉన్నాయి. మహీంద్రా జీపుకు మూలమైన విల్లీస్ ఎంబీ వీల్‌బేస్ 80 అంగుళాలు. 1:10 నమూనాలో అది 8 అంగుళాలు, 1:35లో దాదాపు 58 మిల్లీమీటర్లు. ఛాసిస్, ఇరుసులు, లీఫ్ స్ప్రింగులు అన్నీ ఆ లెక్కకే లోబడాలి. అసలు పనితనం తెలిసేది తుప్పు, దుమ్ము, ఎండిన బురద పూయడంలోనే. చక్రాలు చిమ్మే చోటే బురద ఉండాలి.

సినిమాల్లో ఇలాంటి నమూనానే మినియేచర్ అంటారు. మద్రాసులో తీసిన తెలుగు చిత్రం ‘మాయాబజార్’ (1957)లో ద్వారకా నగరాన్ని బొమ్మ ఇళ్లతోనే చూపించారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. ఆ ద్వారక నిశ్చలమైన ఊరు. లోయలో పడే జీపు సంగతి వేరు: బొమ్మ చిటికెలో నేలను తాకుతుంది, బరువే కనిపించదు. అందుకని నిష్పత్తి వర్గమూలాన్ని బట్టి కెమెరా వేగం పెంచుతారు. 1:16 నమూనాకు 4 రెట్లు, అంటే సెకనుకు 24 బదులు 96 ఫ్రేములు.

నేలకూ అదే నిష్పత్తి వర్తిస్తుంది. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు 1:35 జీపు పక్కన గులకరాయంత అవుతుంది; కనుక జల్లెడ పట్టిన మెత్తటి మట్టే వాడాలి.