ఫోన్ ఖర్చు ఎవరిది? - ఢిల్లీలో సెల్‌ఫోన్ నుంచి స్మార్ట్‌ఫోన్ వరకు

విద్యార్థులారా! నేడు ఢిల్లీలో కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. మెట్రో టికెట్టు ఫోన్ తెర మీదికే వస్తుంది. ఒకప్పుడు పెద్ద అధికారులకు, వ్యాపారులకు మాత్రమే అందుబాటులో ఉన్న ఈ పరికరం సామాన్యుని జేబులోకి ఎలా చేరింది? కొత్త యంత్రాలు రావడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. 'ఖర్చు ఎవరు భరించాలి?' అనే ప్రశ్నకు కాలం మారినకొద్దీ జవాబు కూడా మారుతూ వచ్చింది. ఆ మార్పును ఈ పాఠంలో పరిశీలిద్దాం.

1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుంచి, ఢిల్లీలోని సంచార్ భవన్‌లో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మన దేశంలో తొలి మొబైల్ సంభాషణ అదే. ఆ ఏడాదే ఢిల్లీ వాసులకూ ఈ సేవలు అందాయి. ఆనాడు నిమిషానికి 16 రూపాయల దాకా ఖర్చయ్యేది. ఫోన్ చేసినవారే కాదు, అందుకున్నవారు కూడా డబ్బు చెల్లించవలసి వచ్చేది. ఇక సామాన్యుడు ఫోన్ ఎలా కొంటాడు?

ఈ పరిస్థితిని రెండు నిర్ణయాలు మార్చాయి. 1999 టెలికాం విధానం కంపెనీల స్థిర లైసెన్సు రుసుమును తొలగించి, ఆదాయంలో వాటా చెల్లించే పద్ధతిని తెచ్చింది. 2003 మే నెల నుంచి ఫోన్ చేసినవారే ఖర్చు భరించే పద్ధతి అమలులోకి వచ్చింది. ఫోన్ అందుకోవడం ఉచితమైంది.

ఇక పరికరం సంగతి చూద్దాం. ఫోన్‌కు చిన్న కంప్యూటర్ తెలివిని జోడించే ప్రయత్నం 1994లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఐబీఎం సైమన్‌తో మొదలైంది. మన దేశానికి 2004లో బ్లాక్‌బెర్రీ సేవలు వచ్చాయి. ఈ-మెయిల్ వచ్చిన వెంటనే ఫోన్‌లో కనిపించడంతో ఉద్యోగులకు కార్యాలయమే చేతిలోకి వచ్చినట్లయింది. అయితే అది వ్యాపార వర్గాలకే పరిమితం. 2008 ఆగస్టులో ఐఫోన్ మన దేశానికి వచ్చింది. ఆ డిసెంబరులోనే ఎంటీఎన్ఎల్ ఢిల్లీలో 3జీ సేవలను ప్రారంభించింది. గుర్గావ్‌కు చెందిన మైక్రోమాక్స్ తక్కువ ధర ఫోన్లతో సామాన్యుని చెంతకు చేరింది. కరెంటు సరిగా ఉండని పల్లెల కోసం, చార్జి ఎక్కువ రోజులు నిలిచే ఫోన్‌ను తెచ్చింది.

2016లో మూడు పరిణామాలు కలిసివచ్చాయి. ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. సెప్టెంబరులో వచ్చిన జియో, మాటకు విడిగా వెల తీసుకోకుండా డేటాకే డబ్బు తీసుకునే పద్ధతిని తెచ్చింది. నవంబరులో పెద్ద నోట్ల రద్దు జరిగింది. చిల్లర వ్యాపారికి ఫోనే గల్లాపెట్టె అయింది.

2018 జూలైలో నోయిడాలో శాంసంగ్ విస్తరించిన కర్మాగారం ప్రారంభమైంది. ఏడాదికి 12 కోట్ల ఫోన్ల తయారీ దాని లక్ష్యం. ఆ తర్వాత రెండేళ్లకే, 2020లో, కోవిడ్ వల్ల బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోన్‌లోకి మారాయి. అన్ని ఫోన్లు తయారయ్యే ప్రాంతంలోనే ఎందరో పేద పిల్లలకు పాఠం వినడానికి ఫోన్ లేకపోయింది. పేద విద్యార్థులకు పరికరాలు, ఇంటర్నెట్ సౌకర్యం సమకూర్చాలని ఆ సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు బడులను ఆదేశించింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అయితే అక్టోబరులో ఈ సమస్యకు ఒక ప్రణాళిక రూపొందించవలసిందిగా ఢిల్లీ ప్రభుత్వానికి సూచించింది.

చూశారా! 1995 నాటి ప్రశ్నే మళ్లీ ఎదురైంది. ఫోన్ విలాసవస్తువుగా ఉన్నప్పుడు ఖర్చు కొనుక్కున్నవారిది. అదే చదువుకు ఆధారమైతే ఆ ఖర్చు ఎవరిది? తల్లిదండ్రులదా, బడిదా, ప్రభుత్వానిదా? మీ తరగతిలో చర్చించండి. మీ ఇంట్లో తొలి ఫోన్ ఎప్పుడు వచ్చిందో, దానికెంత ఖర్చయిందో పెద్దలను అడిగి రాసుకోండి. చరిత్ర రచన అలాంటి చిన్న వివరాలతోనే మొదలవుతుంది.